చేరని నీరియస్: గ్రహశకల యాత్రల చరిత్రలో ప్రయోగ గవాక్షం

వ్యాససంగ్రహం

గ్రహశకలాల వద్దకు వెళ్లిన అంతరిక్ష నౌకల చరిత్రను సాధారణంగా అవి చేరుకున్న గమ్యాల ఆధారంగా రాస్తారు. ఒక గమ్యాన్నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు ఆ చరిత్రలు శాస్త్రీయ ప్రాముఖ్యాన్ని సమాధానంగా చూపుతాయి. నియర్, హయబుసా, సైకీ యాత్రల పూర్వరంగాన్ని పరిశీలిస్తే మాత్రం గమ్యాన్ని నిర్ణయించడంలో ప్రయోగ గవాక్షానికి, ముఖ్యంగా చేజారిన గవాక్షానికి, మనం అనుకునేదానికన్నా ఎక్కువ పాత్ర ఉన్నట్లు తెలుస్తుంది. రెండు యాత్రల తొలి ప్రణాళికల్లో చోటు పొంది కూడా నేటికీ ఏ నౌకా చేరని నీరియస్ అనే గ్రహశకలం నుంచి మొదలుపెట్టి ఈ వ్యాసం ఆ పాత్రను చర్చిస్తుంది.

కీలకపదాలు: గ్రహశకలం, ప్రయోగ గవాక్షం, సంయుతి కాలం, పాతబిందువు, నియర్, హయబుసా, సైకీ, జేనస్, నీరియస్.

1. ఉపోద్ఘాతం

1982 ఫిబ్రవరి 28న అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞురాలు ఎలినార్ హెలిన్ ఒక చిన్న గ్రహశకలాన్ని కనుగొన్నారు. తరువాత దానికి 4660 అనే క్రమసంఖ్య, గ్రీకు పురాణాల్లోని సముద్రదేవుని పేరు మీదుగా నీరియస్ అనే నామం లభించాయి. దాని కక్ష్య భూకక్ష్యాతలానికి ఒకటిన్నర డిగ్రీల లోపే వాలి ఉంటుంది. సూర్యునికి అతి దగ్గరగా వచ్చినప్పుడు అది దాదాపు భూకక్ష్య దూరంలోనే ఉంటుంది. ఈ రెండు లక్షణాల వల్ల తక్కువ ఇంధనంతో చేరదగిన గ్రహశకలాల జాబితాలో నీరియస్ ముందువరుసలో నిలిచింది. 1990వ దశకంలో అమెరికా చేపట్టిన నియర్ యాత్ర తొలి ప్రణాళికల్లో అది పరిశీలనకు వచ్చింది. జపాన్ హయబుసా యాత్రకూ తొలి లక్ష్యం అదే. అయినా నియర్ వెళ్లింది ఈరోస్‌కు. హయబుసా వెళ్లింది ఇటొకావాకు.

సులభంగా చేరదగిన శకలాన్ని వదలి, పదకొండు డిగ్రీల వాలున్న కక్ష్యలోని ఈరోస్‌కు మొదటి నౌక ఎలా చేరింది? హయబుసా యాత్రకు ఆమోదం లభించేనాటికి ఇంకా ఎవరూ చూడని ఇటొకావా దాని గమ్యం ఎలా అయింది? ఈ ప్రశ్నలకు శాస్త్రీయ ఆసక్తి ఒక్కటే సమాధానం కాదు. నౌక చేరిన తరువాత రాసే చరిత్రలకు ఒక సహజమైన బలహీనత ఉంది. జరిగినదే జరగవలసినదిగా వాటిలో కనిపిస్తుంది. చేజారిన తేదీలు, మారిన గమ్యాలు పూర్వరంగంలో రెండు వాక్యాలుగా మిగిలిపోతాయి. ఆ రెండు వాక్యాల మీద నిలిచి చూడడమే ఈ వ్యాసం పని.

తెలుగు పత్రికలు రాకెట్ ప్రయోగ తేదీ వెలువడగానే ‘ముహూర్తం ఖరారు’ అని శీర్షిక పెట్టడం మనకు అలవాటే. ఆ మాటను కేవలం అలంకారంగా తీసివేయనక్కరలేదు. ముహూర్త నిర్ణయానికీ గవాక్ష నిర్ణయానికీ గ్రహగతుల గణితమే పునాది. అయితే ఒక తేడా ఉంది. పెళ్లి ముహూర్తం తప్పితే మరొక ముహూర్తంలో అదే వధువుకు అదే వరునితో వివాహం జరుగుతుంది. గ్రహశకల యాత్రలో ముహూర్తం తప్పితే వరుడే మారిపోవచ్చు.

2. గవాక్షం స్వరూపం

ప్రయోగ గవాక్షం అనే మాట రెండు అర్థాల్లో వాడుకలో ఉంది. ఒక యాత్రకు అనుకూలమైన రోజుల లేదా వారాల వ్యవధి మొదటిది. ఆ వ్యవధిలో ఒక్కొక్క రోజున రాకెట్టు బయలుదేరదగిన నిమిషాలు రెండవది. ఈ వ్యాసంలో గవాక్షం అంటే మొదటి అర్థమే.

భూమి, గమ్యం రెండూ సూర్యుని చుట్టూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. సూర్యుని నుంచి చూసినప్పుడు భూమి ఒక గ్రహాన్ని ఒకసారి దాటి మళ్లీ దాటడానికి పట్టే సమయాన్ని సంయుతి కాలం అంటారు. అంగారకుని విషయంలో అది 780 రోజులు, అంటే సుమారు 26 నెలలు. శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళ్‌యాన్ ఉదంతం తెలుగు పాఠకులకు పరిచితమే. 2013 అక్టోబరు 28న జరగవలసిన ప్రయోగం, రాకెట్టు గమనాన్ని పసిఫిక్ సముద్రం నుంచి గుర్తించవలసిన ఓడ వాతావరణం వల్ల సకాలంలో తన స్థానానికి చేరలేకపోవడంతో నవంబరు 5కు మారింది. గవాక్షం నవంబరు 19తో ముగిసేది. పీఎస్‌ఎల్‌వీకి నౌకను నేరుగా అంగారకుని దారిలో పెట్టే శక్తి లేనందున, భూమి చుట్టూ కక్ష్యను అంచెలంచెలుగా పెంచి డిసెంబరు 1 తొలి గంటల్లో అంగారకుని వైపు మళ్లించారు. అసలు గడువు ఆ రాత్రిదే. శ్రీహరికోటలోని తేదీ దాని నుంచి వెనక్కి లెక్కించినది. ఆ అవకాశం తప్పి ఉంటే తరువాతిది 2016లో వచ్చేది. అప్పుడు కూడా గమ్యం అంగారకుడే అయ్యేది. గ్రహయాత్రకూ గ్రహశకల యాత్రకూ ముఖ్యమైన భేదం ఇక్కడే ఉంది.

గ్రహశకలాల్లో భూమికి దగ్గరగా తిరిగేవాటి సంయుతి కాలం తరచుగా అంగారకుని కన్నా ఎక్కువ. ఈరోస్‌కు సుమారు 2.3 సంవత్సరాలు, ఇటొకావాకు దాదాపు 2.9 సంవత్సరాలు, బెన్నుకు ఆరేళ్లు. వినడానికి విచిత్రంగా ఉన్నా కారణం సులభమైనదే. ఇంచుమించు ఒకే వేగంతో నడిచే ఇద్దరు బాటసారుల్లో ఒకరు మరొకరిని చుట్టు తిరిగి దాటాలంటే చాలా కాలం పడుతుంది. భూకక్ష్యను పోలిన కక్ష్య గల శకలాన్ని చేరడానికి ఇంధనం తక్కువ చాలుతుంది, కాని అవకాశం అరుదుగా వస్తుంది. ఇంధనం రూపంలో మిగిలినది కాలం రూపంలో ఖర్చవుతుంది.

ఇది కూడా సగటు లెక్కే. గ్రహశకలాల కక్ష్యలు కోలగా, వాలుగా ఉంటాయి కనుక ఒక సంయుతి మరొక సంయుతి వంటిది కాదు. ఒక అవకాశంలో చిన్న రాకెట్టు సరిపోతే, తరువాతి అవకాశంలో పెద్దది కూడా చాలకపోవచ్చు. రెండు స్థానాలు, వాటి మధ్య ప్రయాణకాలం తెలిస్తే కక్ష్యను కనుగొనే సమస్యను లాంబర్ట్ 1761లోనే చర్చించాడు. 1801 జనవరి 1న పియాజీ చూసి, కొద్ది వారాలకే సూర్యకాంతిలో కనుమరుగైన సెరెస్‌ను గౌస్ గణితం ఆ ఏడాది చివరిరోజున మళ్లీ పట్టి ఇచ్చింది. 1925లో జర్మన్ ఇంజనీరు వాల్టర్ హోమాన్ రెండు కక్ష్యలను తాకే అర్ధదీర్ఘవృత్తాన్ని తక్కువ ఖర్చుతో కూడిన మార్గంగా ప్రతిపాదించాడు. నేటి యాత్రా రూపకర్తలు బయలుదేరే తేదీని ఒక అక్షం మీద, చేరే తేదీని మరొక అక్షం మీద ఉంచి, ప్రతి జతకు కావలసిన శక్తిని సమశక్తి రేఖలుగా గీస్తారు. మాంసపు ముక్క ఆకారంలో కనిపించే ఆ చిత్రాన్ని పోర్క్‌చాప్ ప్లాట్ అని పిలుస్తారు. యాత్ర ఉంటుందా, ఉండదా అన్నది చాలావరకు ఆ చిత్రం ముందే తేలుతుంది.

3. ఈరోస్: వెనక్కి లెక్కించిన తేదీ

నియర్ నౌకను రూపొందించినది మేరీలాండ్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాల. నాసా తక్కువ ఖర్చుతో మొదలుపెట్టిన డిస్కవరీ కార్యక్రమంలో మొదట బయలుదేరిన నౌక ఇదే. ఆ కార్యక్రమంలో నౌక నిర్మాణానికి 15 కోట్ల డాలర్ల పరిమితి ఉండేది. రాకెట్టు డెల్టా-2 శ్రేణిని మించకూడదు. ఈ రెండు హద్దుల మధ్య గమ్యాన్ని వెదకవలసి వచ్చింది. నీరియస్ మొదట ముందుకు రావడానికి కారణం ఇదే.

యాత్రామార్గ రూపకర్త రాబర్ట్ ఫార్‌క్వార్. సౌరపవనాన్ని పరిశీలించడానికి పంపిన ఒక ఉపగ్రహాన్ని చంద్రుని చుట్టూ పలుమార్లు తిప్పి, 1985 సెప్టెంబరు 11న జాకోబినీ-జిన్నర్ తోకచుక్క గుండా పంపిన వ్యక్తి ఆయన. ఉన్న నౌకతో అనుకోని చోటికి వెళ్లే మార్గాలు వెదకడం ఆయన స్వభావం.

శాస్త్రీయంగా ఈరోస్ ఆకర్షణ కాదనలేనిది. 1898లో బెర్లిన్‌లో గుస్తావ్ విట్ కనుగొన్న ఈ శకలం పొడవు 34 కిలోమీటర్లు. భూమికి చేరువగా తిరిగేవాటిలో పరిమాణంలో ఇది రెండవది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు సూర్యుని దూరాన్ని కొలవడానికి ఖగోళజ్ఞులు దీన్ని ఉపయోగించుకున్నారు. నీరియస్ పొడవు అర కిలోమీటరు మాత్రమే. అడ్డంకి మాత్రం ఈరోస్ కక్ష్యకు ఉన్న 10.8 డిగ్రీల వాలు. భూమి వేగం సెకనుకు 30 కిలోమీటర్లు. ఆ వేగంతో పోయే నౌక దారిని పదకొండు డిగ్రీలు పక్కకు వంచాలంటే సెకనుకు అయిదు కిలోమీటర్లకు మించిన వేగమార్పు కావాలి. అంత ఇంధనం నౌక మోయలేదు. అంత శక్తి డెల్టా-2కు లేదు.

ఈ ఖర్చును భూమి చేత పెట్టించడం ఫార్‌క్వార్ మార్గంలోని కీలకాంశం. ఈరోస్ కక్ష్యాతలం భూకక్ష్యాతలాన్ని ఒక సరళరేఖ వెంట ఖండిస్తుంది. ఆ రేఖ మీద ఈరోస్ కక్ష్య భూకక్ష్యాతలాన్ని దాటే రెండు చోట్లను మన సిద్ధాంత గ్రంథాల పరిభాషలో పాతబిందువులు అనవచ్చు. చంద్రుని విషయంలో ఆ రెండు బిందువులకే రాహుకేతువులని పేరు. భూమి ఈరోస్ పాతరేఖను ఏటా రెండుసార్లు, జనవరి నాలుగో వారంలోనూ జూలై చివరలోనూ దాటుతుంది. సరిగ్గా ఆ సమయంలో నౌక భూమిని రాసుకుంటూ వెళితే భూమ్యాకర్షణ దాని దారిని ఈరోస్ తలంలోకి వంచగలదు. 1998 జనవరి 23న నియర్ భూమికి 540 కిలోమీటర్ల ఎత్తున దూసుకుపోయినప్పుడు జరిగింది ఇదే. అంతకుముందు దాని కక్ష్య వాలు అర డిగ్రీ, ఆ తరువాత 10.2 డిగ్రీలు.

కనుక ఈ యాత్రలో స్థిరమైన తేదీ 1998 జనవరి 23. ప్రయోగ తేదీ దాని నీడ. నౌకను ముందు దాదాపు రెండేళ్ల ఆవర్తనకాలం గల కక్ష్యలోకి పంపాలి. దూరాన ఉన్నప్పుడు దాన్ని కాస్త మందగింపజేయాలి. నియర్‌లో ఈ దహనం 1997 జూలై 3న జరిగింది. అప్పుడు అది పరిహేళికి చేరకముందే, మునుపటి కన్నా వాలైన కోణంలో భూకక్ష్యను కోస్తూ భూమిని కలుస్తుంది. అందువల్ల పూర్తిగా రెండేళ్లు కాక 23 నెలలే పట్టాయి. 1998 జనవరి నుంచి అంత కాలం వెనక్కి లెక్కిస్తే 1996 ఫిబ్రవరి వస్తుంది. నిధులు 1993 చివర అందాయి. నౌకను కట్టి, పరీక్షించి, ఫిబ్రవరి 17న ప్రయోగించడానికి రెండేళ్లకు కొద్దిగా మించిన వ్యవధి మాత్రమే మిగిలింది. ఆ ప్రయోగశాల పనివేగాన్ని సంస్థాగత సంస్కృతికి ఉదాహరణగా చూపే రచనలున్నాయి. అందులో నిజం లేకపోలేదు. కాని ఆ వేగాన్ని విధించినది పాతరేఖ.

దారిలో నౌక ప్రధాన గ్రహశకల మేఖల అంచు వరకు వెళ్లవలసి రావడం వల్ల మరొక ఫలితం దక్కింది. 1997 జూన్ 27న అది మథిల్డే పక్కగా 1,212 కిలోమీటర్ల దూరంలో సాగింది. నీటికన్నా కొద్దిపాటి ఎక్కువ సాంద్రత మాత్రమే గల ఆ నల్లని శకలం గురించి నేడు పాఠ్యగ్రంథాల్లో ఉన్న సమాచారం ఎక్కువభాగం ఆ కొద్ది నిమిషాలదే. దాన్ని చూడడానికి ఎవరూ ప్రత్యేకంగా నౌకను పంపలేదు. ఆ గవాక్షం నుంచి చూస్తే అది కనిపించింది.

గవాక్షం బయలుదేరేటప్పుడు మాత్రమే ఉండేది కాదు. 1998 డిసెంబరు 20న, ఈరోస్ కక్ష్యలోకి ప్రవేశించడానికి మూడు వారాల ముందు, ప్రధాన ఇంజను మొదలైన వెంటనే ఆగిపోయింది. నౌకతో ఇరవై ఏడు గంటల పాటు సంబంధం తెగిపోయింది. డిసెంబరు 23న అది ఈరోస్‌ను 3,827 కిలోమీటర్ల దూరం నుంచి దాటిపోయింది. నౌక కక్ష్య అప్పటికి ఈరోస్ కక్ష్యను దాదాపు పోలి ఉన్నందున మళ్లీ కలవడానికి ఏడాదికి పైగా పట్టింది. తేదీలను ఎంచుకోవడంలో చమత్కారం చూపే ఫార్‌క్వార్, ప్రేమదేవుని పేరున్న శకలానికి 2000 ఫిబ్రవరి 14న నౌకను చేర్చాడు. ఆ వేడుకలో పదమూడు నెలల ఆలస్యం కథనం నుంచి దాదాపు జారిపోయింది. 2001 ఫిబ్రవరి 12న నౌక ఈరోస్ నేల మీద దిగింది.

4. ఇటొకావా: గమ్యానికి ముందు పుట్టిన యాత్ర

జపాన్ అంతరిక్ష శాస్త్ర సంస్థ చేపట్టిన హయబుసా మొదట ఇంజనీరింగు పరీక్షగా రూపొందింది. విద్యుత్ అయాన్ ఇంజన్లు, స్వయంచాలక మార్గనిర్ణయం, నమూనా సేకరణ, అతివేగంతో భూవాతావరణ ప్రవేశం అనే నాలుగింటిని నిరూపించడం దాని ఉద్దేశం. ఏదో ఒక గ్రహశకలం కావాలి, కాని ఫలానా శకలమే కావాలన్న పట్టుదల అవసరం లేదు. యాత్ర పని 1996లో ప్రారంభమైంది. ఇటొకావాను అమెరికాలోని లినియర్ అన్వేషణ బృందం కనుగొన్నది 1998 సెప్టెంబరులో. అంటే నౌక రూపకల్పన మొదలైన రెండేళ్లకు గాని దాని గమ్యం మానవుల దృష్టికి రాలేదు.

ముందు నీరియస్, ఆపైన 1989 ఎంఎల్ అనే శకలం ప్రణాళికలో ఉన్నాయి. 2002లో ప్రయోగం జరగవలసి ఉంది. 2000 ఫిబ్రవరి 10న ఒక ఎక్స్-కిరణ ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎం-5 రాకెట్టు మొదటి దశ నాజిల్ దెబ్బతిని విఫలమైంది. హయబుసా వెళ్లవలసినదీ అదే రకం రాకెట్టు మీద. లోపాన్ని గుర్తించి సరిచేసేసరికి పాత గవాక్షాలు మూసుకుపోయే పరిస్థితి ఏర్పడింది. కొత్త తేదీకి అందే శకలం కోసం వెదికినప్పుడు, అప్పటికి 1998 ఎస్‌ఎఫ్36 అనే తాత్కాలిక నామం మాత్రమే గల శకలం దొరికింది. 2003 మే 9న ఉచినౌరా నుంచి నౌక బయలుదేరింది. ఆ తరువాతనే ఆగస్టులో ఆ శకలానికి జపాన్ రాకెట్టు విద్యకు ఆద్యుడైన హిదెయో ఇటొకావా పేరు పెట్టారు.

ఆకాశపు గవాక్షంతో పాటు నేల మీది గవాక్షం ఒకటి జపాన్‌లో ఉండేదని చరిత్రకారులు మరచిపోకూడదు. దక్షిణ జపాన్ కేంద్రాల నుంచి రాకెట్లు సముద్రం మీదుగా పోతాయి. మత్స్యకార సంఘాలతో కుదిరిన ఒప్పందాల వల్ల ఏడాదిలో నిర్ణీత కాలాల్లో మాత్రమే ప్రయోగాలకు వీలుండేది. ఆ పరిమితి 2011లో తొలగింది. గ్రహశకల సంయుతి గణితంలో చేపల వేటకాలం కూడా ఒక పదమై ఉండిన రోజులవి.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే కథ పునరావృతమైంది. 2003 చివరి సౌరజ్వాలల వల్ల సౌరఫలకాల శక్తి తగ్గి, నౌక ఆలస్యంగా 2005 సెప్టెంబరులో ఇటొకావాను చేరింది. నవంబరులో రెండుసార్లు నేలను తాకింది. డిసెంబరులో ఇంధనం కారిపోయి, దిశ తప్పి, భూమితో సంబంధం తెగింది. మళ్లీ దొరికేసరికి 2007లో భూమిని చేరవలసిన గవాక్షం గతించింది. తరువాతి అవకాశం 2010లో. ఆ ఏడాది జూన్ 13న నమూనాల గుళిక ఆస్ట్రేలియాలోని వూమెరా ఎడారిలో దిగింది. మూడేళ్ల అదనపు ప్రయాణంలో చెడిన ఇంజన్ల భాగాలను జతచేసి నడిపిన వృత్తాంతం జపాన్‌లో వీరగాథగా మారింది. ఆ ప్రజాదరణకు కూడా మూలం ఒక తప్పిన తేదీయే.

శాస్త్రానికి దీని పర్యవసానం తక్కువది కాదు. హయబుసా తెచ్చిన సుమారు 1,500 రేణువులు, భూమి మీద అతి సామాన్యంగా పడే ఉల్కారాళ్లకూ ఎస్-తరగతి శకలాలకూ ఉన్న సంబంధాన్ని స్థిరపరిచాయి. చిన్న గ్రహశకలం గట్టి బండ కాదు, రాళ్లగుట్ట అన్న భావనకు దగ్గరి ఛాయాచిత్రాల సాక్ష్యం ఇచ్చినదీ ఇటొకావానే. నీరియస్ వేరే తరగతికి చెందిన, వెలుగును ఎక్కువగా ప్రతిఫలించే శకలం. ప్రణాళిక మారకపోయి ఉంటే మానవుల చేతికి అందిన మొదటి గ్రహశకల ధూళి వేరుగా ఉండేది. ఏ ప్రశ్నకు ముందు సమాధానం దొరికిందన్నది 2000 ఫిబ్రవరి నాటి నాజిల్‌తో ముడిపడి ఉంది.

ఐరోపా వారి రోసెట్టా ప్రధానంగా తోకచుక్క యాత్ర కనుక ఇక్కడ ఒక్కమాటతో సరిపెట్టవచ్చు. 2002 డిసెంబరు 11న ఏరియాన్-5 వైఫల్యం వల్ల 2003 జనవరి గవాక్షం చేజారింది. విర్టానెన్ తోకచుక్కకు బదులు చుర్యుమోవ్-గెరాసిమెంకో గమ్యమైంది. దారిలో చూడవలసిన శకలాలూ మారాయి. ఒటవారా, సివా స్థానంలో స్టైన్స్, లుటేషియా వచ్చాయి.

5. సైకీ, జేనస్: ఆలస్యం ఎవరి లెక్కలో

విద్యుత్ ఇంజన్ల వల్ల గవాక్షాలు వెడల్పయ్యాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. డాన్ యాత్ర దానికి మంచి సాక్ష్యం. 2007 జూలైలో వెళ్లవలసిన ఆ నౌక, అంగారకుని ఇరుకైన గవాక్షంలో వెళ్లవలసిన ఫీనిక్స్‌కు దారి ఇచ్చి సెప్టెంబరు 27న బయలుదేరింది. వెస్టా, సెరెస్ రెండింటినీ చూసింది. కాని వెడల్పు అనంతం కాదు. అది కూడా ఇతర గ్రహాల సాయం మీద ఆధారపడినప్పుడు ఇరుకవుతుంది.

లోహశకలంగా ప్రసిద్ధమైన సైకీకి యాత్రను నాసా 2017 జనవరిలో ఎంపిక చేసింది. అప్పటి ప్రణాళిక 2023లో ప్రయోగం, 2030లో చేరిక. అదే సంవత్సరం మే నెలలో మెరుగైన మార్గం దొరికిందని ప్రకటించారు. 2022లో బయలుదేరి, అంగారకుని ఆకర్షణ సాయంతో 2026లోనే చేరవచ్చు. నాలుగేళ్లు కలిసివచ్చాయి, నిర్మాణానికి ఉన్న గడువు ఒక ఏడాది తగ్గింది. ఈ మార్పిడిలో రెండవ భాగానికి ఆనాడు తగిన ప్రాధాన్యం లభించలేదని నా అభిప్రాయం.

2022 జూన్‌లో నౌక సాఫ్ట్‌వేరు, దాన్ని పరీక్షించే పరికరాలు ఆలస్యంగా అందడం వల్ల ఆ ఏటి గవాక్షాన్ని వదులుకుంటున్నట్లు నాసా ప్రకటించింది. థామస్ యంగ్ అధ్యక్షతన స్వతంత్ర సమీక్షా సంఘం ఏర్పడింది. సిబ్బంది కొరత వంటి సంస్థాగత లోపాలను అది ఎత్తి చూపింది. 2023 అక్టోబరు 13న ఫాల్కన్ హెవీ రాకెట్టు మీద నౌక బయలుదేరింది. 2026 మే నెలలో అంగారకుని పక్కగా సాగి, 2029 ఆగస్టులో సైకీని చేరే మార్గం దానిది. ప్రయోగంలో పద్నాలుగు నెలల జాప్యం, చేరికలో మూడున్నరేళ్లకు పైబడిన జాప్యంగా పెరిగింది. భూమి, అంగారకుడు, సైకీ మూడూ ఒక దారిలో కుదరడం మన కార్యాలయాల గడువుల వంటిది కాదు. ఒక్క నెల పొడిగించమని ఎవరినీ అర్థించలేము.

సైకీకి గమ్యం మారలేదు. భారం పడింది మరొకరి మీద. అదే రాకెట్టు మీద జేనస్ అనే జంట చిన్న నౌకలు వెళ్లవలసి ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ షీరెస్ నాయకత్వంలో రూపొందిన ఆ నౌకలు 1996 ఎఫ్‌జీ3, 1991 వీహెచ్ అనే రెండు జంట గ్రహశకలాలను చూడవలసినవి. 2022 ఆగస్టు గవాక్షానికి ఆ దారి కుదిరింది. 2023 అక్టోబరుకు కుదరలేదు. 2022 నవంబరులో వాటిని రాకెట్టు నుంచి తొలగించారు. 2023 జూలైలో కార్యక్రమాన్ని ముగించి, కట్టిన నౌకలను భద్రపరచమని నాసా ఆదేశించింది. సిబ్బంది ఒత్తిడి ప్రభావంతో శుక్రగ్రహానికి వెళ్లవలసిన వెరిటాస్ యాత్ర కూడా కనీసం మూడేళ్లు వెనక్కి జరిగింది.

పెద్ద యాత్రకు తోడుగా చిన్న నౌకలను తక్కువ ఖర్చుతో పంపడం ఆర్థికంగా ఆకర్షణీయమైన విధానమే. కాని అందులో చిన్న నౌకకు తనదంటూ తేదీ ఉండదు. పెద్ద నౌక తేదీ తప్పితే అది వేచి ఉండగలదు. చిన్నది వేచి ఉన్నా దాని శకలం వేచి ఉండదు. సైకీ చరిత్రను 2029లో రాయబోయేవారు దాన్ని ఆలస్యమైనా జరిగిన యాత్రగా రాస్తారు. జేనస్ బృందం దృష్టి నుంచి అదే ఆలస్యం ఒక యాత్ర అంతం. ఈ రెండు కథనాలూ ఒకే గ్రంథంలో ఉండవలసినవి.

6. వడపోత క్రమం

ఇంతవరకు చెప్పినదాని మీద ఒక అభ్యంతరం సహజం. పై ఉదాహరణలన్నీ ప్రమాదాలకు, జాప్యాలకు సంబంధించినవి, సవ్యంగా సాగిన యాత్రలో శాస్త్రవేత్తల ఎంపికే నిలుస్తుంది కదా అనవచ్చు. ఒసైరిస్-రెక్స్ యాత్ర అటువంటిదే. 2016 సెప్టెంబరు 8న అనుకున్న రోజున బయలుదేరి, ఏడాదికి భూమి పక్కగా సాగి, 2018 డిసెంబరులో బెన్నును చేరి, 2023 సెప్టెంబరు 24న నమూనాలను తెచ్చింది. కార్బన్ అధికంగా గల ఆదిమ పదార్థం కోసం బెన్నును ఎంచుకున్నారన్నది యథార్థం.

అయితే ఆ ఎంపిక జరిగిన క్రమాన్ని యాత్రాబృందమే ప్రచురించింది. అప్పటికి తెలిసిన శకలాలు అయిదు లక్షలకు పైగా. వాటిలో భూమికి చేరువగా తిరిగేవి సుమారు 7,000. వెళ్లి తిరిగి రావడానికి అనువైన కక్ష్యలున్నవి 192. అతివేగంగా బొంగరంలా తిరగకుండా ఉండే, 200 మీటర్లకు మించిన వ్యాసం గలవి 26. సంఘటనం తెలిసినవి 12. కార్బన్ సమృద్ధిగా ఉన్నవి 5. శాస్త్రప్రశ్న ఈ వడపోతలో చివరి జల్లెడ. అది ముఖ్యం కాదని కాదు. అది పనిచేసేది గవాక్షం మిగిల్చిన వాటి మీద మాత్రమే.

ఈ దృష్టితో చూస్తే గ్రహశకలాల గురించి మనకున్న ప్రత్యక్ష జ్ఞానం ఒక పక్షపాతం గల నమూనా. ఉల్కారాళ్లను పరిశీలించేవారు భూమి మీద పడి మిగిలినవే తమకు దక్కుతాయని ఎరిగి, ఆ మేరకు తమ నిర్ణయాలను సవరించుకుంటారు. శాసనాల ఆధారంగా చరిత్ర రాసేవారు రాతి మీద చెక్కినదే మిగిలిందని, తాటాకు మీదిది పోయిందని గుర్తుంచుకుంటారు. నౌకలు తెచ్చిన సమాచారం విషయంలో ఆ జాగ్రత్త ఇంకా అలవాటు కాలేదు. వాలు తక్కువ కక్ష్యలు, ఒకానొక దశాబ్దంలో భూమితో కుదిరిన సంయుతులు, ఆ ఏట పనిచేసిన రాకెట్లు ఏ శకలాలు మనకు తెలియాలో ముందే కొంత నిర్ణయించాయి. యాత్రల పత్రాల్లో పరిశోధకులు వెదకవలసినవి ఆమోదించిన ప్రతిపాదనలు మాత్రమే కావు. ప్రత్యామ్నాయ గమ్యాల పట్టికలు, కొట్టివేసిన తేదీలు, గవాక్షం దాటిన తరువాత చిన్న యాత్రలకు పంపిన లేఖలు కూడా అంతే ముఖ్యమైన ఆధారాలు.

నీరియస్ విషయానికి వస్తే, 2002లో అది భూమికి దగ్గరగా వచ్చినప్పుడు గోల్డ్‌స్టోన్, అరెసీబో రాడార్లు దాని ఆకారాన్ని కొలిచాయి. పొడవు 510 మీటర్లు, మిగిలిన రెండు దిక్కులా 330, 241 మీటర్లు. హయబుసా మొదటి ప్రణాళిక నిలిచి ఉంటే నౌక బయలుదేరవలసిన సంవత్సరం కూడా అదే. 2021 డిసెంబరు 11న అది 39 లక్షల కిలోమీటర్ల దూరంలో సాగిపోయింది. 2060 ఫిబ్రవరి 14న అంతకన్నా దగ్గరగా, సుమారు 12 లక్షల కిలోమీటర్ల దూరానికి వస్తుంది.